బండి గుంజుతలేదా? స్పానర్ కంటే ముందు పెన్ను తీయండి

ఈ వారం సంపాదకీయం జీతాల కోతల మీద రాద్దామనుకున్నాం. రాయడానికి కూర్చుంటే ఒక బండి కథ అడ్డం వచ్చింది. అదే రాస్తున్నాం. చివరిదాకా చదివితే ఇదీ జీతం సంగతేనని మీకే తెలుస్తుంది.

సౌదీలో మన గ్రూపు తమ్ముడు ఒకడు రియాద్ నుంచి దమ్మాం రోడ్డు వైపు సైట్లకు సామాన్లు వేసే డీజిల్ పికప్ నడుపుతాడు. ఎండాకాలం మొదట్లో ఒక రాత్రి వాయిస్ పెట్టాడు. "అన్నా, బండి ఒక్కోసారి మంచిగనే పోతది. ఒక్కోసారి ఎంత రేస్ ఇచ్చినా గుంజదు. వంద మీద పోయే బండి యాభైకి పడతది. పక్కకు ఆపి పది నిమిషాలు కూసుంటే మళ్ల ఏం కానట్టే పోతది. గ్యారేజీకి తీస్కపోతే ఆడ మంచిగనే ఉంటది. ఫోర్‌మన్ నన్నే అబద్ధాలోడు అంటున్నడు."

డ్రైవర్ పని చేసిన ప్రతి ఒక్కరికీ ఈ బాధ తెలుసు. పూర్తిగా చెడిపోయిన బండితో ఇంత ఇబ్బంది లేదు. స్టార్ట్ కాకపోతే అందరూ ఒప్పుకుంటారు. వచ్చి పోయే రోగంతోనే వస్తుంది తంటా. మెకానిక్ ముందు అది దాక్కుంటుంది, నడిరోడ్డు మీద ట్రాలీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు బయటపడుతుంది. అప్పుడు ముందు గొయ్యి, వెనుక నుయ్యి. చూసినవాడు డ్రైవర్ ఒక్కడే కాబట్టి నిందా వాడి మీదే పడుతుంది.

ఈ తమ్ముడి విషయంలోనూ అదే జరిగింది. గ్యారేజీలో మొదట ఇంజెక్టర్లు మార్చారు. వారం తర్వాత మళ్లీ అదే కథ. తర్వాత టర్బో మార్చారు. మళ్లీ అదే. "నువ్వు బండిని చంపి నడుపుతున్నావు" అని రెండు నెలలు, నెలకు 600 రియాళ్ల చొప్పున జీతంలో కోశారు. అతని జీతం 1800. ఇంటికి పంపే డబ్బు ఆగితే ఊర్లో ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మేం మెకానిక్‌లం కాము. కానీ గ్రూపులో ఇరవై ఏళ్లుగా సనాయియాలో డీజిల్ పని చేస్తున్న నిజామాబాద్ అన్న ఒకరున్నారు. ఆయన తమ్ముడికి బండి ముట్టుకోవద్దన్నాడు. "పదిహేను రోజులు ఒక చిన్న బుక్కు జేబుల పెట్టుకో. బండి పడిపోయినప్పుడల్లా రాయి" అన్నాడు. అంతే. మనవాడు కొంచెం గొణిగాడు కానీ రాశాడు.

పదిహేను రోజుల్లో ఏడుసార్లు బండి పడిపోయింది. ఏడింటిలోనూ టాంకీ సగం కంటే తక్కువగా ఉంది. ఏడింటిలోనూ పొగ లేదు. డ్యాష్‌బోర్డులో ఒక్కసారే ఇంజిన్ లైటు వచ్చింది. వెంటనే ఆపి స్టార్ట్ చేస్తే బాగుపడలేదు, పది నిమిషాలు ఇంజిన్ ఆపి కూర్చుంటేనే బాగుపడింది. ఏడోసారి, అన్న ముందే చెప్పినట్టు, ఇంజిన్ ఆపి బానెట్ ఎత్తి డీజిల్ ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు నొక్కి చూశాడు. అది లోపలికి పీక్కుపోయి చప్పగా ఉంది, పైకి లేవడం లేదు.

ఆ బుక్కు ఫోటోలు చూసి అన్న అన్న మాట: "టాంకీ దింపండి." దింపితే లోపల అల్యూమినియం రేకులాంటి గుండ్రటి ముక్క దొరికింది. నూనె క్యాన్ మూత కింద అతికించి ఉంటుంది చూడండి, ఆ సీల్. సైట్‌లో క్యాన్లతో డీజిల్ పోసినప్పుడు ఎప్పుడో జారి పడింది. ఇంజిన్ గుంజుతున్నంతసేపు ఆ రేకు వెళ్లి టాంకీలోని పైపు మూతికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగితే పీల్పు తగ్గి మెల్లగా ఊడి పడుతుంది. గ్యారేజీకి వెళ్లేసరికి బండి బంగారం. టాంకీ కడిగిన కూలీ, కొత్త ఫిల్టర్ ఖర్చు కలిపినా టర్బో ఖర్చులో పదో వంతు కాలేదు.

అందరి బండిలోనూ రేకు ముక్కే ఉంటుందని చెప్పడం మా ఉద్దేశం కాదు. పైకి ఒకేలా కనిపించే ఈ రోగానికి కారణాలు పది రకాలు. ఏదో తేలాలంటే బండి ఎప్పుడు, ఎక్కడ, ఎలా పడిపోయిందో తెలియాలి. అది మెకానిక్‌కు కాదు, డ్రైవర్‌కే తెలుస్తుంది. అది తెలియకుండా పార్టులు మార్చడం చీకట్లో రాయి విసరడమే. ఆ రాయి ఖర్చు మనవాళ్ల జీతం మీద పడుతోంది. మా గొడవ అదే.

ఇక బుక్కులో ఏం రాయాలో, ఎందుకు రాయాలో చెబుతాం.

అన్నిటికంటే ముందు పొగ. డీజిల్ ఇంజిన్‌కు డీజిల్, గాలి రెండూ సరిగా అందాలి. బలం పోయినప్పుడు వెనుక నల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిల్ అందుతోంది, గాలి చాలడం లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపు చీలిందా, క్లిప్పు వదులైందా చూడాలి. పైపు చీలితే రేస్ ఇచ్చినప్పుడు ఉస్సుమని శబ్దం వస్తుంది, చీలిన చోట నూనె తడి కనిపిస్తుంది. ఒక్కోసారి పైపు బయటికి బాగానే ఉంటుంది. లోపలి పొర ఊడి, వేడెక్కినప్పుడు మడత పడి దారి మూస్తుంది. చల్లబడితే మళ్లీ సర్దుకుంటుంది. గ్యారేజీలో పైపైన చూస్తే దొరకదు, విప్పి లోపలికి లైటు వేసి చూడాలి.

బలం పోయినా పొగ ఏమీ లేకపోతే డీజిల్ అందడం లేదని అనుమానించాలి. లేదా కంప్యూటర్ తానే డీజిల్ తగ్గించిందని. ఈ రెండింటికీ తేడా పట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బండిని సురక్షితంగా పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, అర నిమిషం ఆగి స్టార్ట్ చేయండి. వెంటనే పూర్తి బలం వస్తే అది చాలావరకు లింప్ మోడ్. టర్బో ప్రెజర్ తేడా వచ్చినా, ఏదైనా సెన్సర్ తప్పు చెప్పినా, ఇంజిన్ దెబ్బ తినకుండా కంప్యూటర్ బలం తగ్గించేస్తుంది. ఆపి వేస్తే చాలాసార్లు మామూలుగా వస్తుంది, కాసేపటికి మళ్లీ పడిపోతుంది. అలాంటప్పుడు టర్బోను కంట్రోల్ చేసే సన్నటి వాక్యూం గొట్టాలు చూడాలి. ఇక్కడి వేడికి అవి ఎండి పగులుతాయి. టర్బో లోపలి రెక్కలు మసికి పట్టేయడం, గాలి కొలిచే సెన్సర్ దుమ్ము పట్టడం, వైర్ల కనెక్టర్ వదులవడం కూడా ఈ కోవలోవే. వెంటనే స్టార్ట్ చేసినా బాగుపడక, కాసేపు ఆగితేనే బాగుపడితే డీజిల్ దారి మూసుకోవడమో, వేడికి ఏదో పార్టు మొరాయించడమో అయ్యుండాలి.

టాంకీలో డీజిల్ ఎంత ఉందో, చివరిసారి ఎక్కడ పోయించారో తప్పకుండా రాయండి. సౌదీలో డీజిల్ లీటరు 2024 జనవరిలో 0.75 నుంచి 1.15 రియాళ్లకు, 2025 జనవరిలో 1.66కు పెరిగింది. రేటు పెరిగిన కొద్దీ ఎక్కడి నుంచో తెచ్చిన డ్రమ్ముల డీజిల్ పోయించాలనే ఆశ ముదీర్లకు పెరుగుతుంది. ఆ డ్రమ్ముల్లో నీళ్లు, ఇసుక, తుప్పు ఏదైనా ఉండొచ్చు. పోయమన్నది ఎవరో, ఏ తేదీనో రాసి ఉంటే రేపు "నువ్వే చెత్త డీజిల్ పోశావు" అనే మాట మీ మీదికి రాదు. మన తమ్ముడి బుక్కులో సైట్ సూపర్‌వైజర్ క్యాన్లు పోయించిన తేదీలు ఉన్నాయి. చివరికి అవే అక్కరకొచ్చాయి.

డ్యాష్‌బోర్డులో డీజిల్ ఫిల్టర్ గుర్తు వెలిగితే చాలా బండ్లలో ఫిల్టర్‌లో నీళ్లు నిండాయని అర్థం. ఆలస్యం చేయొద్దు, నీళ్లు పంపులోకి, ఇంజెక్టర్లలోకి వెళ్తే నిజంగానే పెద్ద ఖర్చు. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కోసిన నీళ్ల బాటిల్‌లోకి పట్టండి. నీళ్లు అడుక్కు దిగుతాయి, డీజిల్ పైన తేలుతుంది. ఫోటో తీసి పంపండి. దీనికంటే మంచి సాక్ష్యం లేదు.

హ్యాండ్ పంపు సంగతి పైన చూశారు. అది పీక్కుపోయి ఉంటే అడ్డం టాంకీకీ ఫిల్టర్‌కీ మధ్య ఎక్కడో ఉంది. డీజిల్ మూత తెరిస్తే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి బాగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. ఒక మూత మారిస్తే పని అయిపోతుంది. మూతతో పోయే రోగానికి పంపు మార్చిన కథలు కూడా మన దగ్గర ఉన్నాయి, అవి ఇంకోసారి.

మధ్యాహ్నం ఎండలోనే పడిపోయి, తెల్లవారుజామున బాగుంటే అదీ రాయండి. వేడికి డీజిల్ పలుచబడుతుంది. పంపు అరిగి ఉంటే ప్రెజర్ లోపలే కారిపోతుంది. వేడి మీద స్టార్ట్ కావడం కూడా కష్టమవుతుంది. చాలా పికప్‌లలో పంపు మీద ఎస్‌సీవీ అనే చిన్న వాల్వ్ ఉంటుంది, పంపులోకి ఎంత డీజిల్ పోవాలో అదే చూస్తుంది. అది మొరాయించినా ఇలాగే ఉంటుంది. రేస్ ఇవ్వకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది, నడుస్తూ నడుస్తూ బలం పోతుంది. దాన్ని విడిగా మార్చవచ్చు. మొత్తం పంపు మార్చాలన్నవాడిని "ముందు వాల్వ్ చూశావా" అని అడగండి. అలాగే ఇంజిన్ వేడి ముల్లు ఎక్కడుందో గమనించండి. ఇంజిన్ మరీ వేడెక్కితే కూడా కంప్యూటర్ బలం తగ్గిస్తుంది.

రెండు మోసాలు కూడా ఉన్నాయి. ఇంజిన్ అరుపు పెరుగుతోంది, ఆర్‌పీఎం ముల్లు పైకి పోతోంది, స్పీడు మాత్రం పెరగడం లేదంటే అది ఇంజిన్ రోగం కాదు, క్లచ్ జారుతోంది. బండి ఎవరో వెనక్కి లాగినట్టు ఉండి, ఆపినప్పుడు ఒక చక్రం దగ్గర మాత్రం కాలిన వాసన, విపరీతమైన వేడి ఉంటే బ్రేకు పట్టేసింది. చేత్తో ముట్టి చూడకండి, దగ్గరికి పోతేనే సెగ తెలుస్తుంది.

ఇంజిన్ లైటు వెలిగితే కంప్యూటర్ పెట్టి చూసే మెకానిక్‌కు ఒక్కటే చెప్పండి: కోడ్ తుడిచేసే ముందు స్క్రీన్ ఫోటో తీసుకోనివ్వాలి. పీ0087 వస్తే డీజిల్ ప్రెజర్ తక్కువ అని. పీ0299 వస్తే టర్బో గాలి తక్కువ అని. కోడ్ రోగం పేరు చెబుతుంది కానీ కారణం చెప్పదు. పీ0087 రాగానే పంపు మార్చాలనేవాడు పంపు అమ్ముకునేవాడు. మన తమ్ముడి బండిలో వచ్చిన కోడ్ అదే. కారణం రేకు ముక్క.

ఇవన్నీ చదివి ఎవరూ స్పానర్ పట్టుకుని రోడ్డు మీద కూర్చోకండి. పాత బండ్లు నడిపిన అన్నలకు ఒక అలవాటు ఉంది, ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ నట్టు వదులు చేసి ఎయిర్ తీయడం. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. టైరులో గాలి రెండు మూడు బార్లుంటే, ఆ పైపుల్లో డీజిల్ వెయ్యి బార్లు దాటుతుంది. సన్నటి ధార చర్మంలోంచి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ పాడవుతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. లీకు ఎక్కడుందో వేలితో తడమకండి. డీజిల్ ధార గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోయి ఏం జరిగిందో చెప్పండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దని వేరే చెప్పాలా.

రోడ్డు మీద బలం పోతే నాలుగు ఇండికేటర్లు వేసి, కుడి పక్కకు పూర్తిగా దిగి ఆపండి. మీరు బండికి దూరంగా, రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడండి. ఎడారి దారి అయితే బండిని వదిలి నడిచి పోకండి. సిగ్నల్ ఉన్నప్పుడే లొకేషన్ పంపండి. బండిలో ఎప్పుడూ ఒక కార్టన్ నీళ్లు ఉండాలి. వచ్చి పోయే రోగం ఉన్న బండితో లోడు వేసుకుని దూరం పొమ్మంటే నోటి మాటతో ఊరుకోకండి, మెసేజ్ పెట్టండి.

ఆ మెసేజ్ గురించే అసలు చెప్పాలనుకున్నది. ఫోర్‌మన్‌కు "సయ్యారా మాఫీ గువ్వా" అని చెబితే "మాఫీ ముష్కిల్, రూహ్ రూహ్" అంటాడు. ఆ మాట గాలికి పోతుంది. అదే రోజు వాట్సాప్‌లో తేదీ, టైము, కిలోమీటర్లు, ఎక్కడ ఆగింది, ఏ లైటు వచ్చింది అని రెండు లైన్లు, ఒక ఫోటో పెడితే అది ఉండిపోతుంది. హిందీలో పెట్టినా సరే, వచ్చిన ఇంగ్లీషులో పెట్టినా సరే. డ్రైవర్ చెప్పాడు, కంపెనీకి తెలుసు అని అది సాక్ష్యం.

సౌదీ కార్మిక చట్టం 91వ ఆర్టికల్ ప్రకారం, కంపెనీ వస్తువు పాడైతే కార్మికుడి జీతం కోయాలంటే, అది అతని తప్పు వల్లో, ఇచ్చిన సూచనలు పాటించకపోవడం వల్లో జరిగి ఉండాలి. అప్పుడు కూడా నెలకు ఐదు రోజుల జీతానికి మించి కోయడానికి లేదు. 1800 జీతానికి అది 300. మన తమ్ముడికి కోసింది 600. ఫిల్టర్ మూసుకుపోవడం, పైపు పగలడం, వాల్వ్ అరగడం బండి వాడకంలో వచ్చేవి, డ్రైవర్ తప్పులు కావు. ఇల్లు, కుటుంబం దగ్గర పనిచేసే హౌస్ డ్రైవర్లకు మాత్రం ఈ చట్టం కాదు, ఇంటి పనివాళ్ల నియమావళి వేరే ఉంది. దుబాయ్, కువైట్, ఒమన్, ఖతర్‌లలో ఎవరి చట్టం వాళ్లది, ఈ లెక్క అక్కడికి అన్వయించకండి.

"డ్యామేజీ ఒప్పుకుంటున్నాను" అని అరబ్బీలో రాసిన కాగితం మీద చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ముందు ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, చదివి చెప్పేవాళ్లున్నారు. కోత అన్యాయమనిపిస్తే మానవ వనరుల మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు వేయొచ్చు. ముందు రాజీ విభాగంలో 21 పని దినాల దాకా మాట్లాడిస్తారు, తేలకపోతే లేబర్ కోర్టుకు పోతుంది. రియాద్‌లో ఎంబసీ, జెడ్డాలో కాన్సులేట్ సాయం అడగొచ్చు. అక్కడ ఎవరైనా మొదట అడిగేది "మీ దగ్గర కాగితం ఏముంది?" అని.

మన తమ్ముడు బుక్కు ఫోటోలు, రేకు ముక్క ఫోటో, పాత మెసేజ్‌లు కలిపి అకౌంటెంట్‌కు చూపించాడు. మాట్లాడటానికి నిజామాబాద్ అన్న కూడా వెళ్లాడు. మూడో నెల కోత ఆగింది. మొదటి రెండు నెలల్లో ఎక్కువ కోసిన 600 రియాళ్లలో 300 ఇచ్చారు. మిగతా 300 వచ్చే జీతంతో ఇస్తామన్నారు. ఇవ్వకపోతే ఫిర్యాదు వేయడానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

బండి పడిపోయినప్పుడు రాయాల్సినవన్నీ ఒక చిన్న ఫారంగా, తెలుగులోనూ హిందీలోనూ, ఈ మెసేజ్ కింద ఫోటోగా పెడుతున్నాం. ప్రింట్ తీసి సన్‌వైజర్‌లో పెట్టుకోండి. చదవడం రాని అన్నల కోసం శుక్రవారం జుమ్మా తర్వాత ఆడియో పెడతాం. రూమ్‌లో డ్రైవర్లు ఉంటే అందరినీ కూర్చోబెట్టి వినిపించండి. మీ బండిలో ఇలాంటి రోగం ఉంటే పొగ ఉందా లేదా, ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే బాగుపడుతోందా, టాంకీలో ఎంత ఉంది, ఈ మూడూ ముందు రాసి గ్రూపులో పెట్టండి. నిజామాబాద్ అన్న రాత్రి తొమ్మిది తర్వాత చూసి జవాబిస్తాడు. డ్యూటీ టైములో ఆయనకు ఫోన్ చేయకండి, ఆయనకూ ఒక ఫోర్‌మన్ ఉన్నాడు.